ఆయుధ పూజ నాటి ఖాళీ జేబు

నా ప్యాంటు కుడి జేబులో ఎప్పుడూ ఒక మడత పనిముట్టు ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే ఇనుప ముక్క. విప్పితే చిన్న కత్తి, రంపం, పట్టకారు, స్క్రూడ్రైవర్లు, సీసా మూత తీసేది, ఇంకా దేనికో నాకిప్పటికీ తెలియని ఒక కొక్కెం బయటికొస్తాయి. నేను నంద్యాలలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ఆ వృత్తిలో పట్టకారుతో పని తరచుగా పడదు. కానీ ఆదివారాలు మిత్రులతో నల్లమల అంచున కొండలెక్కే అలవాటుంది. అడవిలో ఎప్పుడేం అవసరమొస్తుందోనని కొన్నాను. అడవిలో దానితో ఇంతవరకు సాధించింది నిమ్మకాయ కోయడం. ఇంట్లో చరిత్ర కాస్త మెరుగు: కుక్కర్ పిడి బిగించాను, బండి అద్దం సరిచేశాను, పక్కింటివాళ్ల టీవీ రిమోట్ విప్పాను. దాన్ని మళ్లీ బిగించింది మాత్రం వేరేవాళ్లు.

నా భార్యకు ఆ వస్తువు మీద గొప్ప అభిప్రాయమేమీ లేదు. బస్టాండులోనో పెళ్లిలోనో నేను జేబు తడుముకుంటే చాలు, "ఉందిలేప్పా, యాడికీ పోలేదు. పెండ్లాం తప్పిపోయినా ఇంత ఎతుక్కోవు నువ్వు" అనేది.

పోయిన దసరాకు ఆళ్లగడ్డలో వాళ్ల పుట్టింటికి వెళ్లాం. నా భార్య వాళ్లన్న, అంటే నాకు బావ, రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఇంటి పక్కనే షెడ్డు. రాయి కోసే మిషను తిరిగిందంటే తెల్లటి పొడి లేచి కిటికీల మీద, మంచాల మీద, ఆఖరికి పెరుగు మీద కూడా పడుతుంది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని దుమ్ము అనరు. అన్నం పెట్టేది కదా, గౌరవంగా "పొడి" అంటారు.

మహానవమి నాడు వాళ్లింట్లో ఆయుధ పూజ. షెడ్డులో ఉలులు, సుత్తెలు, మిషన్లు కడిగి బొట్లు పెట్టి, తాళం వేసేశారు. ఇంటి సామాన్లకు హాల్లో పూజ: కత్తిపీట, కత్తెర, కుట్టు మిషను, బండి తాళాలు, షెడ్డు తాళంచెవి. పూజలో పెట్టిందేదైనా ఆ రోజుకు విశ్రాంతి. మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోరు. మా అత్త నా వైపు చెయ్యి చాచింది.

"నీ జేబులోది గూడా ఇయ్యి నాయనా. అది గూడా ఆయుధమే గదా."

"దాన్ని ఆయుధమంటే మిగతావి అలుగుతాయిమా," అంది నా భార్య. "దానికి భయపడేవి నిమ్మకాయలొక్కటే."

ఇచ్చేశాను. అత్త దానికి నూనె రాసి, గంధం పూసి, ప్రతి మడతకూ పసుపూ కుంకుమా అద్దింది. పట్టకారు ముక్కుకు కూడా బొట్టు పెట్టింది. ఆవిడ ఏ పనీ సగంలో వదలదు.

హారతికి ముందు తలస్నానం చేసొస్తానని నా భార్య వెనకవైపు వెళ్లింది. మెట్ల కింద కట్టిన చిన్న స్నానాలగది అది. ప్లాస్టిక్ తలుపు, లోపల గ్యాస్ గీజరు, బయట సిలిండరు. గోడకు పైన గాలి కోసం చిన్న కంత ఉండేది. నీళ్లలో పొడి పడుతోందని బావ ఆ కంతకు మందపాటి ప్లాస్టిక్ కవరు వేసి చుట్టూ టేపు అంటించాడు. రాతి మీద పనిచేసే చెయ్యి కదా, ఒక్క ముడత లేకుండా అంటించాడు. మూసిన గదిలో గ్యాస్ మండితే రంగూ వాసనా లేని విషం పుడుతుందని పేపర్లో చదివే ఉన్నాను. పేపర్లో చదివినవన్నీ వేరే ఊళ్లలో జరుగుతాయి.

"అమ్మాయిని పిలువు నాయనా, కర్పూరం ఎలిగిస్తా," అంది అత్త.

వెళ్లి తలుపు బయట నిలబడ్డాను. "అయిందా? అందరూ నీ కోసమే ఉండారు. దేవుళ్లతో సహా."

జవాబు లేదు. మామూలుగా అయితే అలాంటి మాటకు రెండు జవాబులొస్తాయి.

లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తలుపు తట్టాను. గట్టిగా తట్టాను. అప్పుడు తట్టింది నాకు: స్నానం చేసే మనిషుంటే నీళ్ల చప్పుడు తెగుతూ ఉంటుంది, చెంబు ముంచినప్పుడొకలాగా, పోసుకున్నప్పుడొకలాగా. ఈ చప్పుడు తెగడం లేదు. బకెట్టు నిండి, పొర్లి, నేల మీద పడుతోంది, అంతే.

"బావా!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు.

బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏంది?"

"పలకడం లేదు."

ఆయన కాలెత్తి, ఆగిపోయాడు. "తానానికి గదా పోయింది, బావా. నేనెట్ల..."

"పోయింది. రావడం లేదు."

ఆ ముక్క ఆయన్ను కదిలించింది. ముందు సిలిండరు కట్టేశాడు. తర్వాత తన్నాడు. బయటికి తెరుచుకునే తలుపు అది. ప్లాస్టిక్ లోపలికి వంగి, డప్పులా మోగి, మళ్లీ యథాస్థానానికొచ్చింది. పిడి పట్టుకుని లాగితే పిడి చేతికొచ్చింది.

"ఉలి తెస్తా," అని ఉరికాడు.

నా చెయ్యి జేబులోకి పోయింది. చేతిరుమాలు తగిలింది. నేను హాల్లోకి ఉరికాను.

అత్త హారతి పళ్లెం ఒక చేత్తో, అగ్గిపెట్టె ఒక చేత్తో పట్టుకుని ఉంది. నేను పూల మధ్యకు చెయ్యి పెట్టబోతే అడ్డం వచ్చింది. "హారతి గాలే నాయనా, తీయగూడదు."

"అత్తా, తలుపు తీయడం లేదు. పలకడం లేదు."

ఆవిడ నా ముఖం చూసింది. పళ్లెం వదిలేసింది. తనే వంగి, ఆ పూలల్లోంచి నా పనిముట్టు తీసి నా చేతిలో పెట్టి, నాకంటే ముందు పరిగెత్తింది.

తలుపు దగ్గర దాన్ని విప్పబోయాను. నూనెకు వేళ్లు జారుతున్నాయి. గంధం మడతల్లో ఎండి పట్టేసింది. మొదట సీసా మూత తీసేది వచ్చింది. తర్వాత ఆ కొక్కెం వచ్చింది. "ఇది కాదు, ఇది కాదు" అని పైకే అంటున్నానట, అత్త తర్వాత చెప్పింది. ఆవిడ దాన్ని నా చేతిలోంచి లాక్కుని కొంగుతో గట్టిగా తుడిచి ఇచ్చింది. కత్తిని పళ్లతో పట్టి లాగాను. నోరంతా పసుపు, నూనె. వచ్చింది.

గడియ ఉండే చోటు పక్కన పొడిచాను. దిగింది. రంపం తీసి ఆ గాటులో పెట్టి కోయడం మొదలుపెట్టాను. నిమ్మకాయకూ తలుపుకూ తేడా ఉంటుంది. లోపల నీళ్లు పడుతూనే ఉన్నాయి.

బావ వట్టి చేతులతో తిరిగొచ్చాడు. "షెడ్డు తాళంచెవి పూజలోనే ఉండాది," అన్నాడు. అంతలో నేను కోసిన చీలిక కనిపించింది. ఇంక మాట్లాడకుండా వేళ్లు అందులో దూర్చి, ప్లాస్టిక్‌ను అట్టలాగా చించాడు. నేను చెయ్యి లోపలికి పెట్టాను. అంచు మణికట్టు మీద గీసుకుపోయింది. గడియ దొరికింది.

తలుపు తెరుచుకునే లోపలే బావ గోడ వైపు తిరిగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచాడు. "ఇద్దో, కప్పు. నేను సూడను. బేగా!"

ఆమె బకెట్టు పక్కన గోడకానుకుని ఒరిగిపోయి ఉంది. నిద్రపోతున్నట్టుంది. అంత భయంకరమైన ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు. నేనూ అత్తా చెరో రెక్క పట్టుకుని పెరట్లోకి, గాలిలోకి లాక్కొచ్చి పడుకోబెట్టాం. అత్త తన పైట కూడా తీసి కప్పి, ఎదమీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుంది.

నేను ఆ చేతినే చూస్తున్నాను.

"ఆడతాంది," అంది. "ఊపిరి ఆడతాంది. నువ్వు గూడా ఇడువు నాయనా, ఎంతసేపు బిగబట్టుకుంటావు."

ఆళ్లగడ్డలో ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో నంద్యాలకు పంపారు. ఆ దారిలో ప్రతి గుంతా నాకు తెలుసు. ఆ రోజు ఒక్కటీ గుర్తుపట్టలేదు. ఆమె మాస్కు లోపల ఆవిరి పట్టేది, పోయేది. పోయిన ప్రతిసారీ మళ్లీ పట్టేదాకా నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. బావ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకొంచెం ఆలస్యమై ఉంటే..." అని ఆపేశాడు. డాక్టర్లకు ఆ వాక్యం పూర్తిచేసే తీరిక ఉండదు.

సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది. వేలితో దగ్గరికి రమ్మంది. మాస్కు కొంచెం ఎత్తింది. సందర్భానికి తగిన మాటేదో వింటానని వంగాను.

"అన్న లోపలికొచ్చినాడా?"

"రాలే. గోడకు తిరుక్కోని నిలబడినాడు."

"నిజంగా?"

"తువ్వాలు గూడా ఎనక్కే చాచినాడు. నా మూతికి తగిలింది."

ఆమె నవ్వబోయి దగ్గింది. నర్సు వచ్చి నన్ను తిట్టింది. నర్సు వెళ్లాక, "యాడుండాడు?" అని అడిగింది.

"వరండాలో."

"రమ్మను."

బావ వరండాలో నిలబడే ఉన్నాడు. ఎదురుగా కుర్చీలన్నీ ఖాళీ. నన్ను చూసి, "ఏమంటాంది?" అన్నాడు.

"రమ్మంటాంది."

"నేనే అంటిచ్చినా బావా, ఆ కవరు."

ఆయన భుజం పట్టుకుని వార్డు వైపు తిప్పాను. గుమ్మం దగ్గర, గుడికొచ్చినట్టు చెప్పులు విడిచాడు. మంచం దాకా వచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

నా భార్య ఆయన్నే చూస్తూ ఉంది. కాసేపటికి మాస్కు మళ్లీ ముక్కుకు పెట్టుకుని, సెలైన్ గొట్టం జాగ్రత్తగా పక్కకు తీసుకుని, మంచం మీద కొంచెం జరిగి, ఆయన కూర్చోవడానికి చోటిచ్చింది.