మగ్గానికి వేలాడిన ఫ్యూజు

ధర్మవరంలో మా ఇంటి మగ్గానికి, పడుగు దారాలు సడలకుండా, వెనక తాడుకు ఒక ఇత్తడి బరువు వేలాడేది. కొస తేలిన శంకువులా ఉంటుంది. తాత హిందూపురంలో పాత సామాన్ల అంగడిలో కొన్నాడట. నేను పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది కాబట్టి దాన్ని ఎప్పుడూ పరికించి చూడలేదు.

పాత బ్రిటిష్ ఫిరంగి గుండ్ల ఫ్యూజుల రకాలు గుర్తుపట్టడం నా పిచ్చి. గుండు ముక్కున బిగించే ఈ భాగమే అది ఎప్పుడు పేలాలో నిర్ణయిస్తుంది. పెళ్లిచూపుల్లో చెప్పుకోదగ్గ అలవాటు కాదు.

అక్క ముహూర్తం చీర నాయన సగం నేసి ఉన్నాడు. ఆ రోజు పక్కన కూర్చుని ఊరికే బరువు వైపు చూశాను. దాని నడుము చుట్టూ ఉంగరం, ఉంగరం మీద కొలత గీతలు: ఫ్యూజే. గుండె ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, నేను ముందు ఫోటో తీశాను.

రకం తేలాలంటే చెక్కిన అక్షరాలు చదవాలి. అవ్వ ఏటా ఆయుధపూజకు చింతపండుతో తోమి వాటిని దాదాపు అరగదీసింది. ముట్టుకోకుండా టార్చి వేశాను. మిగిలిన గాట్లలో పోయిన ఏటి కుంకుమ ఇరుక్కుని ఉంది: ఎర్రగా ఎనభై, పక్కన రోమన్ ఐదు. అంటే ఎనభయ్యో నంబరు ఫ్యూజులో ఐదో మార్కు. నాయనకు ఉత్సాహంగా వివరించాను. ఆయన పడుగులో అటూ ఇటూ పోయే నాడె ఆపకుండా విన్నాడు.

"అదంతా సరే అబ్బా. లోపల మందు ఉండాదా, లేదా?"

"అది పైన రాసి ఉండదు నాయనా."

"మరి ఇంతసేపూ ఏం చదివినావు?"

అప్పుడు నాడె ఆగింది. తాడు విప్పితే పడుగు సడలుతుంది. మళ్లీ బిగించిన చోట పట్టు మీద అడ్డంగా గీత పడుతుంది. ఇంకో చీర నేయడానికి పెళ్లిలోగా గడువు లేదు. ఇన్నేళ్లు తోమినా పేలనిది ఇప్పుడెందుకు పేలుతుందని అవ్వ. నా వివరణ కంటే అదే నమ్మేలా ఉంది. నాయన కాసేపు చీరనూ, తలుపు దగ్గర నిలబడిన అక్కనూ చూసి, పోలీసులకు ఫోన్ చేయమన్నాడు.

వీధి ఖాళీ చేయించారు. బాంబుల బృందం వాళ్లు తాడు కోసి, ఫ్యూజును ఇసుక బకెట్‌లో పెట్టుకుని పోయారు. మరునాడు కబురొచ్చింది, లోపల ఏమీ లేదని.

నాయన ఆ బరువుకు బదులు ఇసుక మూట కట్టి మిగతాది నేశాడు. గీత పడింది. దాచలేదు, చీర విప్పి ఆ చోటు తానే అక్కకు చూపించాడు. అక్క చీరను నడుముకు చుట్టుకుని, మడతలు పెడుతూ పోయి గీత ఉన్నచోట ఆగింది.

"కుచ్చిళ్ల లోపలికి పోతాది నాయనా. నేసింది నువ్వే కదా, నాకు చాలు."