తాళంతో పోయిన పేర్లు

రోడ్డు వెడల్పు కోసం మొయినాబాద్‌లో మా చర్చి శ్మశానం అంచున ఎర్రజెండాలు పాతారని గత నెల తెలిసింది. అక్కడ రాయి లేని సమాధులే ఎక్కువ. ఎవరు ఏ వరుసలో ఉన్నారో రాసుకున్న రిజిస్టరుకు చెదలు పడితే, చాలా ఏళ్ల కింద మా అన్న చేవెళ్లలోని తన డీటీపీ దుకాణంలో కూర్చొని పేరుపేరునా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆనాటి తెలుగు సాఫ్ట్‌వేర్‌కు యంత్రం వెనక తగిలించే అగ్గిపెట్టెంత తాళం, డాంగిల్ అనేవాళ్లం, ఒకటి ఉండేది. అది లేకపోతే ఒక్క ఫైలూ తెరుచుకోదు. దాన్ని తయారుచేసినవాళ్లు కంపెనీని ఎప్పుడో మూసేసుకున్నారు. పత్రికకు నా వార్తలు అన్న దుకాణంలోనే టైపు కొట్టించేవాణ్ణి గనుక అన్న పాట్లన్నీ చూశాను: నగరంలో పాతసామాను దుకాణాలన్నీ తిరిగి విడిభాగాలు వెతికేవాడు, కొత్త ప్రింటరు వచ్చినప్పుడల్లా దానికి పాత అక్షరాలు అర్థమయ్యేలా తనే చిన్న ప్రోగ్రాం రాసుకునేవాడు, అక్షరాల ఒత్తులు చెదిరితే రోజులకొద్దీ సరిచేసేవాడు. "గీ డొక్కుదానికి పింఛను గిట్ల వస్తదా, అన్నా?" అని పక్క దుకాణం టైలరు ఎగతాళి చేస్తే, "నీ మిషను కంటె నయమే, నడుస్తున్నది గద" అని నవ్వేవాడు.

అన్న పోయాక దుకాణం ఖాళీ చేసింది నేనే. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, యంత్రాన్ని తాళంతో సహా పాతసామాను బండికి వేశాను. అన్నేళ్లు చూసి కూడా, ఫైళ్లుంటే చాలనుకున్నాను.

జెండాల సంగతి తెలిశాక ఆ ఫైళ్లను నగరంలో ముగ్గురు కంప్యూటర్ వాళ్లకు చూపించాను. తాళం లేనిదే కాదన్నారు. అయినా ల్యాప్‌టాప్ పట్టుకొని శ్మశానానికి వెళ్తే, అక్కడ మాకు దూరపు చుట్టమైన అవ్వ ఎదురుచూస్తున్నది. చిన్నతనంలోనే పోయిన ఆమె కొడుకు ఆ అంచునే ఎక్కడో ఉన్నాడు. ల్యాప్‌టాప్ తెరిస్తే తెరనిండా గీతలు, చుక్కలు.

"నా పిల్లగాడు ఏ వరుసల ఉన్నడు, బిడ్డా? జర చూసి చెప్పు."

ఆమెకు చదువు రాదు. నాకూ అది చదవరాదని, తాళం పారేసింది నేనేనని చెప్పాను.

"మీ అన్న ఉంటే చెప్పేటోడు" అన్నది, అంతే.

సోమవారం జేసీబీ వచ్చింది. అంచున దొరికిన ఎముకలన్నీ ఒకే గోతిలో చేర్చి పూడ్చారు. అవ్వ తెచ్చిన బంతిపూలు ఎక్కడ పెట్టాలో తెలియక, గొయ్యి పొడుగునా ఒక్కొక్కటే వేసుకుంటూ పోయింది. సగంలోనే అయిపోయాయి.

అన్న దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆ మెట్ల మీద నిలబడి అడిగితే మనవాళ్లెక్కడున్నారో చెప్పే మనిషి ఒకప్పుడు లోపల కూర్చునేవాడని, లోపలున్న ఎవరికీ తెలియదు.