ఆంటీ మరిచిపోని గొడుగు

నా చిన్నప్పుడు మా అమ్మ తరఫున ఇంగ్లీషు మాట్లాడే పని నాదే. దేశం కాని దేశంలో, టాంపినీస్ అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు మాది. కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్ళు గుంపులుగా దిగుతున్న రోజులవి. నాన్న పొద్దున పోతే నేను నిద్రపోయాకే వచ్చేవారు. కూరగాయల కొట్లో, బస్సులో, స్కూల్లో టీచరు ముందు, ఎక్కడైనా అమ్మ తెలుగులో అనేది, నేను ఇంగ్లీషులో అప్పజెప్పేదాన్ని. పదేళ్ళ పిల్లకు అంతకంటే గొప్ప ఉద్యోగం ఏముంటుంది! తెగ మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు అమ్మకు ఒంట్లో బాగుండలేదు. గుండె దడ, ఆయాసం, ఛాతీ మీద బండ పెట్టినంత బరువు. అన్నం సయించేది కాదు. బట్టలు ఆరేయడం కూడా మానేసింది. అక్కడ వంటింటి కిటికీలోంచి వెదురు కర్రలు బయటికి చాచి వాటి మీద ఆరేస్తారు. అమ్మ మాత్రం తడిబట్టలన్నీ హాల్లో కుర్చీల మీద పరిచేది. కిటికీ మూసే ఉంచేది. కర్ర ఎత్తితే ఛాతీలో నొప్పి అనేది. నేను అదే నమ్మాను, పాలీక్లినిక్‌లో డాక్టరమ్మకూ అదే చెప్పాను.

ఆ క్లినిక్‌కు ఎన్నిసార్లు తిరిగామో! రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ. ప్రతిసారీ అన్నీ బాగున్నాయనే మాటే. మనసులో బెంగ ఏమైనా ఉందా, నిద్ర పడుతోందా అని డాక్టరమ్మ నా ద్వారానే అడిగేది. అమ్మ నా మొహం వంక ఒక్క క్షణం చూసి, "ఏం లేదని చెప్పమ్మా. నొప్పొకటేనని చెప్పు" అనేది. నేను అలాగే చెప్పేదాన్ని. బిళ్ళలిచ్చి పంపేవారు.

నాన్న చెడ్డవారేం కాదు, ఆయనకు ఓపిక అయిపోయింది, అంతే. "రిపోర్టులన్నీ నార్మలేగా, ఇంకేంటి నీ బాధ?" అని ఒకరోజు గట్టిగానే అన్నారు. స్కూలు సెలవుల్లోగా తగ్గకపోతే అమ్మను ఊరికి పంపేస్తానని, చదువు పాడవకుండా నన్ను ఇక్కడే ఉంచుకుంటానని తేల్చేశారు. అమ్మ లేని ఆ ఫ్లాటులో నేనెలా ఉంటాను? ఈసారి డాక్టరుకు ఇంకా బాగా చెప్పాలని డిక్షనరీ ముందేసుకుని పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టాను.

మా పక్కింటి ఆంటీ వాళ్ళు తాతల నాడే వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళు. ఆవిడ తెలుగులో సగం తమిళం, కాస్త మలయ్ దొర్లేవి, మాట చివర అక్కడివాళ్ళందరిలా 'లా' అని తగిలించేది. మా గుమ్మం మీదుగా పోతూ కుర్చీల మీది తడిబట్టల్ని, ఎర్రటి ఎండలోనూ మూసి ఉన్న కిటికీని చూసేది. ఆ వారం మేము క్లినిక్‌కు బయల్దేరుతుంటే, తనకూ షుగర్ చూపించుకోవాలంటూ వెంట వచ్చింది. దారిలో ముగ్గురం ఒక కాఫీషాపులో ఆగాం.

క్లినిక్‌లో మా నంబరు వెలిగింది. నేను లేచి అమ్మ చెయ్యి పట్టుకున్నానో లేదో, ఆంటీ నెత్తి కొట్టుకుంది.

"అలామక్! నా గొడుగు ఆ కాఫీషాపులోనే వదిలేసినా. పోయి చూసి రా కన్నా. అట్నే ఒక మైలో తాగి నిదానంగా రా."

"మరి డాక్టరుకు ఎవరు చెప్తారు?"

"నేను లేనా? పో లా!"

ఏడుపొచ్చింది నాకు. బట్టీ పట్టిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పరుగెత్తాను, బల్లల కింద దూరి మరీ వెతికాను. గొడుగు లేదు. మైలో కూడా తాగకుండా వగరుస్తూ తిరిగొచ్చేసరికి డాక్టరు గది తలుపు వేసి ఉంది. లోపలి నుంచి అమ్మ ఏడుపు వినిపించింది. అమ్మ అంత గట్టిగా ఏడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు. తలుపు కొట్టబోతే నర్సు వద్దని చెయ్యి ఊపింది.

చాలాసేపటికి బయటికొచ్చారు. అమ్మ కళ్ళు వాచిపోయాయి. ఆంటీ సంచిలోంచి గొడుగు పిడి కనిపిస్తోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. దారంతా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడా పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక ఆంటీయే ఫోన్ చేసి నాన్నను ఆఫీసు నుంచి పిలిపించింది. నన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టి, మా తలుపు వేసుకుని ఆయనతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకెవరూ చెప్పలేదు. మర్నాడు నాన్న సెలవు పెట్టి కిటికీకి గ్రిల్లు బిగింపించారు. అమ్మను ఊరికి పంపే మాట మళ్ళీ ఎత్తలేదు. క్లినిక్‌వాళ్ళు పంపిన మనసు డాక్టరు దగ్గరికి అమ్మకు ఆంటీయే తోడు వెళ్ళేది. అంత మాత్రాన వెంటనే నయమైపోలేదు. అమ్మ మంచం దిగని రోజులు ఆ తర్వాత కూడా చాలానే చూశాను. ఎన్నాళ్ళకో ఒక పొద్దున గ్రిల్లు తలుపు తీసి నా యూనిఫాం కర్ర మీద ఆరేసింది. దాన్ని చూసుకుంటూ స్కూలు బస్సు ఎక్కాను.

నాకు పెళ్ళయ్యాక ఎప్పుడో అమ్మ చెప్పింది. ఆ కిటికీ దగ్గర నిలబడితే కిందికి దూకేస్తానేమోనని తన మీద తనకే భయం వేసేదట. "అది నీ నోటితో ఎట్లా చెప్పించనే, తల్లీ?" అంది. ఛాతీ నొప్పి నిజమే, నటన కాదు. కానీ నా ముందు ఆ నొప్పి దాకే చెప్పగలిగింది. నన్నొక పది నిమిషాలు అక్కడి నుంచి తప్పించాలని అంతమందిలో ఆంటీకే తోచింది.

ఇప్పుడు నన్నూ ఆంటీ అనే వయసొచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళకు డాక్టరు దగ్గర తోడు వెళ్తుంటాను. మొన్న మా కింది అంతస్తులో దిగిన ఒకావిడతో వెళ్ళాను. విడవని తలనొప్పి, ఏ పరీక్షలోనూ ఏమీ లేదు. పక్కన ఆమె కూతురు అన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పడానికి సిద్ధంగా కూర్చుంది. నంబరు వెలగగానే నా గొడుగు కింద మరిచిపోయానన్నాను. ఆ గడుగ్గాయి నా సంచి వంక చూసి, "ఆంటీ, బ్యాగులోనే ఉంది లా!" అంది.

"ఉంటే ఉందిలే తల్లీ, నువ్వెళ్ళి వెతికి రా" అన్నాను.