పాటలో పాడని చరణం

నా చిన్నప్పుడు మా తాత పాడే పాటలో ఒక చరణం ఉండేది కాదు. నిజాం కాలంలో ఆయన దూరపు జైల్లో ఉన్నాడు. పొద్దుగూకే వేళ అక్కడ ఒక్కో ఖైదీ తన పేరు, ఊరు కలిపి ఒక చరణం పాడేవాడట. పాట వినబడితే మనిషి బతికి ఉన్నట్టు. మా ఊరి నుంచే వెళ్లిన తాత దోస్తు ఆ జైల్లోనే చనిపోయాడు. అతని వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లు నోరు మూసుకుని, కంచం మీద వేళ్లతో దరువు మాత్రం వేసేవారట. ఇంటికొచ్చాక కూడా తాత అలాగే పాడేవాడు.

నాకు ఎనిమిదేళ్లకే పాటంతా వచ్చేసింది. పంద్రాగస్టుకు బడిలో పాడమన్నారు. ముఖ్య అతిథి మా ఊరి దొర కొడుకు. మధ్యలో ఆగితే మరిచిపోయావనుకుంటారని మా సారు ఆ ఖాళీలోకి దొర పేరుతో ఒక చరణం కట్టి ఇచ్చాడు. సారు చెప్పాడు కదా అని సంబరంగా పాడాను. ఒకటే చప్పట్లు. ముందు వరుసలో మా తాత కూడా కొట్టాడు. అది చూసి నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సాయంత్రం తాత నన్ను ఆ దోస్తు భార్య ఇంటికి తీసుకుపోయాడు. ఆమె బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"నువ్వు పాడిన పేరు ఎవ్వలిదో ఎరుకేనా బిడ్డా? గీ అవ్వ పెనిమిటిని నిజాం పోలీసులకు పట్టిచ్చినోనిది," అన్నాడు తాత.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పోరికేమెరుక. చప్పట్లు కొట్టినోళ్లకు గూడ ఎరుక లేదా?" అంది ఆమె, ఆకు కత్తిరిస్తూనే.

"నేను గూడ కొట్టిన వదినె," అన్నాడు తాత. "అందరు కొడుతుంటె నా చేతులు గూడ లేసినయ్."

"సూసిన," అంది. మాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

జైలు ఆయనను వంచలేకపోయిందని ఊరు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. జైల్లో వంగని మనిషి బడి ఆవరణలో వంగాడు. నా తాత గురించి ఈ మాట అనాలంటే నోరు చేదవుతుంది, కానీ నిజం. నన్ను తిట్టి చేతులు దులుపుకోవచ్చు, అలా చేయలేదు. తన తప్పు ఒప్పుకుంటుంటే నేను పక్కన ఉండాలనుకున్నాడు. ఆ తర్వాత తాత మళ్లీ ఆ పాట పాడలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. సభలకు పిలుస్తారు, వెళ్తాను. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే నా చేతులు ఒళ్లోనే ఉంటాయి. ముసలిదానికి పొగరు అంటారు. అననీ. ఎవరి పేరుకు కొడుతున్నామో తెలిసేదాకా అవి లేవవు.