మబ్బులో ఎవరికీ కనపడలేదు

తుపాను తీరం దాటిన మరుసటి పొద్దున మా వాయుసేన హెలికాప్టర్ వరద సాయానికి మార్కాపురంలో ఒక కాలేజీ గ్రౌండులో దిగింది. చీలమండ దాకా బురద. నేను ఫ్లైట్ ఇంజనీర్‌ని. మాది గిద్దలూరు పక్క పల్లె. పైలట్ పంజాబీ, కోపైలట్ మలయాళీ. అందుకని జనంతో మాట్లాడే పని నామీద పడింది.

వచ్చినోళ్ళంతా ఒకటే మాట. మీకేం భయం, కింద రాడార్‌లో చూసి దారి చెప్తారు కదా అని. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. నల్లమల పక్కన అంత తక్కువ ఎత్తులో మేం ఏ రాడార్‌కీ కనపడం. మా జాగా, మా ఎత్తు రేడియోలో మేమే చెప్పుకోవాల. ఇంకెవరన్నా ఎగురుతుంటే వాళ్ళూ చెప్పాల. అంతకుమించి ఏర్పాటేమీ లేదు.

ఆ మధ్యాహ్నం యర్రగొండపాలెం అవతల అడవి అంచు గూడెం నుంచి కబురొచ్చింది. ఒకామెకు కాన్పు కష్టమైంది, వాగు పొంగి దారి తెగింది. మబ్బు కాస్త విడిచినప్పుడు పోయి దిగినాం. ఆమెను, మొగుణ్ణి ఎక్కించుకున్నాం. లేచేసరికి మబ్బు మూసుకుంది. కొండల మధ్య కిందుగా పోలేం. పైలట్ మబ్బులోకే ఎక్కించినాడు. అద్దాల బయట అంతా తెలుపు. ఇంక కళ్ళు మీటర్ల మీదే. నాలుగున్నర వేల అడుగుల్లో ఒంగోలు ఆసుపత్రి వైపు పోయి, పొదిలి దాటి కొండలు తగ్గినాక మబ్బు కిందికి దిగుదామని ఆయన లెక్క.

కోపైలట్ రేడియోలో మా ఎత్తు, దారి చెప్పినాడు. వేరే గొంతు జవాబిచ్చింది.

"మేమూ నాలుగున్నర వేలే. మార్కాపురం మీద నుంచి యర్రగొండపాలెం పోతున్నాం."

ఎవరో పెద్దమనిషికి వరద చూపించే అద్దె హెలికాప్టర్. ఎదురెదురుగా వస్తున్నాం. మేం వెయ్యి అడుగులు పైకి పోతాం, మీరు అక్కడే ఉండండని పైలట్ చెప్పినాడు. వాళ్ళు సరే అనలేదు. మళ్ళీ చెప్పినాడు. వరద కనపడటం లేదంట, ఏం చేయాలో సారును అడిగి చెప్తామన్నారు. మబ్బులో ఆ సారుకు ఏం కనపడాల? దూరంగా ఉన్న ఎయిర్‌పోర్టు కంట్రోల్‌ను పిలిస్తే, మీరిద్దరూ మాకు కనపడరు, మీరే చూసుకోండి అన్నారు.

"నేను ఎక్కుతున్నా," అన్నాడు పైలట్.

"వాళ్ళు కూడా ఎక్కితే?" అన్నాడు కోపైలట్.

"ఎక్కొద్దని చెప్తానే ఉండు."

కోపైలట్ చెప్తానే ఉన్నాడు. అటునుంచి మాట లేదు. ఆమె నొప్పికి నా చెయ్యి పట్టుకుంది. నేను కూడా గట్టిగా పట్టుకున్నాను.

ఒంగోలు ఆసుపత్రిలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. వరద నీళ్ళు తీసినాక మేం మా యూనిట్‌కు పోయినాం. తర్వాత నేను రిటైరై ఇంటికొచ్చినాను. మా బావకు ఇప్పటికీ నమ్మకం లేదు. "బస్సు యాడుందో ఫోన్లో కనపడుద్ది, మీ హెలికాప్టర్ కనపడదంటే ఏంది?" అంటాడు. ఆయనకు చెప్పడం మానుకున్నాను.

నాకు మాత్రం ఆ రోజు కిటికీలోంచి చూసింది కళ్ళలోంచి పోదు. మేం వెయ్యి అడుగులు పైకి ఎక్కినాక కింద మబ్బు కాస్త పలచబడింది. ఒక ఎర్ర దీపం ఆరి వెలుగుతా మా కాళ్ళ కిందనే దాటిపోయింది. ఆమె మొగుడు దాన్ని చూసి, ఎక్కినప్పటి నుంచి మొదటిసారి నవ్వినాడు.

"అన్నా, మాకోసం ఇంకోటి కూడా పంపినారా?"

ఔనన్నాను.