బకెట్లో తగ్గిన ఆక్సిజన్

నా సర్వీసు చివరి వేసవిలో నన్ను అల్లవరం వైపు రొయ్యల చెరువులకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పుడు నేను ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజర్ని. పైన ఇంజనీరు గారు, కింద ఎవరూ లేరు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రైతుల మాటలో డీవోను, చూపించే పెట్టెలను కొన్ని చెరువుల మీద బిగించారు. అవి నిజం చెబుతున్నాయో లేదో తేల్చడం నా పని.

పెట్టెలో పెద్ద మాయేమీ లేదు. ఆక్సిజన్‌ను బట్టి సెన్సర్ చిన్న వోల్టేజీ ఇస్తుంది. బోర్డు దాన్ని అంకెగా మారుస్తుంది. కొద్దిపాటి కోడ్ ఆ అంకెను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తెర మీద వేస్తుంది. నీటిని చిలికే ఏరియేటర్లను నడపడానికి రిలే అనే విద్యుత్ స్విచ్చు కూడా అందులోనే ఉంటుంది.

సత్తిబాబు గారి చెరువుకు వెళ్లిన రోజు మబ్బు పట్టి, గాలి ఆడడం లేదు. అలాంటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఏరియేటర్లు ఆపకూడదు. ఆయనవి ఆగి ఉన్నాయి. రొయ్యలు ఊపిరందక గట్టు వారకు చేరి తేలుతున్నాయి. మోటార్లు వెయ్యమని ఆయన భార్య సూర్యకాంతం గారు పొద్దుటి నుంచీ పోరుతున్నారట. వేస్తే డీవో పడిపోతోందని, ఆపితే లేస్తోందని ఆయన మీటరు చూపిస్తున్నారు.

"అడుగు బురద లేచిపోతందండి మేడమ్ గారూ. అదే ఆక్సిజన్ తినేస్తంది," అన్నారు.

తీసిపారేసే మాట కాదది. మేత పేరుకున్న చెరువుల్లో అలా జరుగుతుంది కూడా. కానీ స్విచ్చు వేసిన క్షణంలోనే అంకె పడడం నాకు మింగుడు పడలేదు. నీరు అంత తొందరగా మారదు. ముందు మోటార్లను రిలేతో పని లేకుండా నేరుగా లైనుకు కలిపించాను. పంట పోతే పూచీ ఎవరిదని ఆయన అడిగారు. నాదేనన్నాను. అన్నాక భయం వేసింది.

తర్వాత సెన్సర్ చూశాను, బాగుంది. ఎంతో ముందే తెలిసిన వోల్టేజీని బోర్డుకు ఇచ్చాను, సరిగ్గా చదివింది. కోడ్‌లోనూ తప్పు లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!

ఆఖరికి బకెట్‌తో చెరువు నీళ్లు ముంచి, సెన్సర్‌ను అందులో పెట్టి, మోటార్లు లేకుండా ఉత్త రిలేను వేశాను. బకెట్లోనూ డీవో పడిపోయింది. ఆపితే లేచింది. సత్తిబాబు గారు వంగి బకెట్ అడుగు చూశారు. బురద లేదు.

దోషం తీగది. వైరు కలిసొస్తుందని పెట్టె బిగించిన ఎలక్ట్రీషియన్ సెన్సర్‌కూ రిలేకూ కలిపి ఒకే సన్నటి నెగటివ్ తీగ లాగాడు. రిలే లాగే కరెంటు ఆ తీగలో కాస్త వోల్టేజీని తినేస్తుంటే, బోర్డు దాన్ని ఆక్సిజన్ తగ్గుదలగా చదువుతోంది. రిలేకు వేరే తీగ వేయించాక అంకె కదలలేదు.

సాయంత్రానికి రొయ్యలు చాలావరకు గట్టు వదిలాయి. కొన్ని చచ్చిపోయాయి. వాటిని ఏరుతూ సత్తిబాబు గారు మెల్లగా అన్నారు: "మీటరు బాగుండాలని రొయ్యకి ఊపిరాపేసేనన్నమాట."

"ఆయ్," అన్నారు సూర్యకాంతం గారు.

విడివిడిగా బాగున్న పరికరాలు కలిసి నడిచేటప్పుడు తప్పు చెప్పగలవు. అందుకే తర్వాత చూసిన ప్రతి చెరువు మీదా అన్నీ నడుస్తుండగానే పరీక్షించాను.