సిరిసిల్లలో ల్యాప్‌టాప్, పంజాగుట్టలో అడ్రస్

2023 వానాకాలం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న సందులో, మొదటి అంతస్తులో మా నెట్‌వర్క్ సర్వీస్ షాపు. వైఫై అందని ఇళ్లు, కెమెరాలు ఆగిపోయిన దుకాణాలు మా రోజువారీ పని. ఆ మధ్యాహ్నం స్వప్న అనే అమ్మాయి వచ్చి, అరచేతిలో పట్టే ఒక ట్రావెల్ రూటర్‌ని బల్ల మీద పెట్టింది. ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లే చిన్న రూటర్ అది.

ఆమెది సిరిసిల్లలో నేత కుటుంబం. పంజాగుట్టలో ఫ్లాట్ అద్దెకు తీసుకుని, ఒక కంపెనీకి ఇంటి నుంచే కస్టమర్ సపోర్ట్ చేస్తోంది. ఊళ్లో అక్కకి ఏడో నెల. బీపీ పెరిగి మంచం దిగొద్దన్నారు. బావకి మరమగ్గాల మీద షిఫ్టులు. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. కంపెనీ నియమం ప్రకారం మాత్రం ఆమె పంజాగుట్ట అడ్రస్ నుంచే పనిచేయాలి. సిరిసిల్లలో కూర్చుని పనిచేసినా కంపెనీకి పంజాగుట్టలోనే ఉన్నట్టు కనిపించాలని అడిగింది.

"మీ మేనేజర్‌ని అడిగారా?" అన్నాను.

"అడిగిన అన్నా. 'వెళ్లి మీ అక్కను చూసుకో, సిస్టమ్‌లో కనపడకుండా మేనేజ్ చెయ్యి, నేనున్నా కదా' అన్నడు. మంచోడే."

మెష్ వీపీఎన్ అంటే, మన పరికరాలు ఏ ఊళ్లో ఉన్నా అన్నీ ఒకే ఇంట్లో ఉన్నట్టు కలిపే ఏర్పాటు. అందులో ఒకదాన్ని ఎగ్జిట్ నోడ్‌గా పెడితే, మిగతావాటి ఇంటర్నెట్ అంతా దాని గుండానే బయటికి వెళ్తుంది. ఆమె ఫ్లాట్‌లో ఒక పాత చిన్న కంప్యూటర్‌ని ఎగ్జిట్ నోడ్ చేశాను. ట్రావెల్ రూటర్‌ని దానికి కలిపి, షాపులో పరీక్షించాను. ఏ సైట్ చూసినా పంజాగుట్ట కనెక్షనే చూపించింది. ఆమె బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"అన్నా, కొన్ని సైట్లల్ల పంజాగుట్ట నెట్ చూపెడ్తుంది, కొన్నిట్ల ఈడి నెట్టే చూపెడ్తుంది. ఇంకా లాగిన్ కాలె. మస్తు భయమైతుంది." పక్క గదిలో అక్క పడుకుని ఉందేమో, గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

ముందు ఎగ్జిట్ నోడ్‌ని అనుమానించాను. అది బాగానే ఉంది. సైట్ల పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ చూశాను. అదీ ఫ్లాట్ నుంచే వెళ్తోంది. షాపులో సరిగ్గా నడిచింది అక్కడెందుకు నడవదు? తోచక, సిరిసిల్ల అని చూపిస్తున్న పేజీలో ఐపీ అడ్రస్ చదివి చెప్పమన్నాను.

"ఉత్త నంబర్లు కావన్నా, మధ్యల అక్షరాలు సుత ఉన్నయ్."

అప్పుడు అర్థమైంది. అది ఐపీవీ6, కొత్త రకం అడ్రస్. వాళ్ల అక్కింటి కనెక్షన్ పాతదీ కొత్తదీ రెండూ ఇస్తోంది. మా షాపులో పాతదే వస్తుంది కాబట్టి ఇక్కడ బయటపడలేదు. పాత అడ్రస్ మీద నడిచేదంతా ఎగ్జిట్ నోడ్‌కి వెళ్తోంది, కొత్తది మాత్రం నేరుగా సిరిసిల్ల నుంచే బయటపడుతోంది. రూటర్‌లో ఐపీవీ6 ఆపించాను. ఫ్లాట్‌లో కరెంటు పోయి ఎగ్జిట్ నోడ్ ఆగితే, ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయేలా కూడా పెట్టాను. మళ్లీ చూడమన్నాను.

"అంతట పంజాగుట్టనే అన్నా!" అంది. ఊపిరి పీల్చుకోవడం ఫోన్‌లో వినిపించింది.

అక్కకి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. ఆ కబురు నాకూ చెప్పింది. తర్వాత కొన్నాళ్లకి ఆ రూటర్ పట్టుకుని షాపుకొచ్చి, నిలబడే చెప్పింది.

"నన్ను తీసేసిన్రు అన్నా. వేరే ఊరి నుంచి పనిచేసినవన్నరు."

రూటర్ లాక్కుని, రెండు రకాల అడ్రస్‌లూ ఇచ్చే మొబైల్ నెట్ మీద పెట్టి, ఎక్కడ లీకవుతోందో వెతకడం మొదలుపెట్టాను. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"వద్దన్నా, జర ఆగు. దాంట్ల ఏం తప్పు లేదు. మా మేనేజర్ సారే చెప్పిండు కంపెనీవోళ్లకు. టీంల ఒకర్ని తగ్గియ్యాలె అన్నరంట. నా పేరు ఇచ్చుడు ఆయనకు అల్కగైంది."

"వెళ్లమన్నది ఆయనే కదమ్మా?"

"కాల్‌ల అదే అడిగిన. నేనట్ల అనలేదన్నడు. కెమెరా ఆన్ చేసుకొని, నన్ను చూసుకుంటనే అన్నడు."

ఆమె ఏడవలేదు. రూటర్ నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. చలికాలంలో ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడు. సంచిలోంచి కొత్త ట్రావెల్ రూటర్ తీశాడు.

"నా కింద టీంలో స్వప్న అని ఒకమ్మాయి ఉండేదండి. మీ షాపు గురించి తనే చెప్పింది. తనకి చేసిందే నాకూ కావాలి. కొన్నాళ్లు విజయవాడ నుంచి పనిచేద్దామని."

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడ చేస్తోందండి?"

"మానేసిందండి. ఏవో ఫ్యామిలీ ప్రాబ్లమ్స్."

"మానేయలేదండి. వెళ్లమన్నదీ మీరే, వెళ్లిందని చెప్పిందీ మీరే. మీ పని నేను చేయను," అన్నాను.

ఆయన మొహంలో సిగ్గు కోసం చూశాను. విసుగే కనిపించింది. "మీ పని మీరు చూసుకోండి, ఈ ఊళ్లో మీదొక్కటే షాపు కాదు," అని మెట్లు దిగాడు. కింది షాపులో చేయించుకున్నాడని సాయంత్రం వాళ్లే చెప్పారు. ఇప్పటికీ అదే కంపెనీలో ఉన్నాడు. స్వప్న సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్లు నేర్పుతోంది. జీతం సగానికి పడిపోయింది.

ఆ తర్వాత నుంచి, ఎవరు ఎగ్జిట్ నోడ్ పెట్టమని వచ్చినా రూటర్ ముట్టుకోకముందే పర్మిషన్ ఎవరిచ్చారని అడుగుతున్నాను. చాలామంది "సార్ నోటితోనే చెప్పారు" అంటారు. ముందు ఆ మాట మెయిల్‌లో తెప్పించుకోమని పంపేస్తాను. ఒకరో ఇద్దరో మెయిల్‌తో తిరిగొచ్చారు. మిగతావాళ్లకి సార్లు మెయిల్ ఇవ్వలేదు.